కొత్త కంప్యూటర్‌లో పాత డాస్ ప్రోగ్రాం ఎందుకు నడవదు? నల్ల తెర వెనక యాభై ఏళ్ల కథ

క్లుప్తంగా: విండోస్‌కు ముందు నాటి ఆపరేటింగ్ సిస్టం అయిన డాస్ కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాంలు 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు (ప్రాసెసర్ ఒక్కసారికి పట్టుకునే సమాచారం కొలతే ఈ బిట్ల లెక్క). విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు కాబట్టి కొత్త కంప్యూటర్ కొన్న పాత వాడకందార్లకు ఈ చిక్కు తప్పదు. విండోస్‌లో కనిపించే నల్ల తెర డాస్ కాదు. అయినా అందులోని కమాండ్లు, సీ డ్రైవ్ అనే పేరు, ఎంత ప్రయత్నించినా ఒప్పుకోని ‘కాన్’ ఫోల్డర్ పేరు, ఇవన్నీ 1970ల యంత్రాల నుంచి దిగి వచ్చినవే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో చాలామంది పాత మెషీన్లు మార్చి విండోస్ 11 ఉన్న కంప్యూటర్లు కొంటున్నారు. మామూలు వాడకందార్లకు ఇదొక ఖర్చు మాత్రమే. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లు, ఒంగోలు బట్టల మార్కెట్, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల లాంటి చోట్ల ఎప్పుడో ఎవరో ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ లాంటి పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాంను ఇంకా నమ్ముకున్నవారికి మాత్రం ఇది వేరే రకం టెన్షన్. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్త కంప్యూటర్‌లో వేసి, ఐకాన్ మీద నొక్కితే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అన్న అర్థం వచ్చే మెసేజ్ తప్ప ఇంకేమీ రాదు. ఫైలు చెడిపోలేదు, వైరస్ కాదు, సర్వీసు చేసే కుర్రాడి తప్పూ కాదు. కారణం ప్రాసెసర్ లోపల ఉంది.

నల్ల తెర అంటే డాస్ కాదు

స్టార్ట్ మెనూలో ‘సీఎండీ’ అని కొడితే వచ్చే నల్ల తెరను మన ఊళ్లలో దాదాపు అందరూ ‘డాస్’ అనే పిలుస్తారు. ‘డిర్’ కొడితే ఫైళ్ల జాబితా వస్తుంది, ‘సీడీ’ కొడితే ఫోల్డర్ మారుతుంది, ‘సీఎల్ఎస్’ కొడితే తెర తుడుచుకుపోతుంది. కాబట్టి అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది కమాండ్ ప్రాంప్ట్ అనే ఒక విండోస్ ప్రోగ్రాం. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ వంశానికి చెందింది. డాస్ కమాండ్ల పేర్లను అలవాటు కోసం అలాగే ఉంచుకుంది, అంతే. దాని కింద డాస్ లేదు.

మరి విండోస్ ఎక్స్‌పీలోనూ, 32 బిట్ విండోస్ 7లోనూ డాస్ ప్రోగ్రాంలు ఎలా నడిచాయి? అందుకు ఎన్‌టీవీడీఎం అనే ప్రత్యేక భాగం ఉండేది. డాస్ ప్రోగ్రాంను తెరవగానే అది ఒక ఉత్తుత్తి డాస్ యంత్రాన్ని తయారుచేసి ప్రోగ్రాంను అందులో కూర్చోబెట్టేది. ఈ పనికి ఇంటెల్ 386 ప్రాసెసర్‌తో వచ్చిన ‘వర్చువల్ 8086’ అనే పద్ధతి ఆధారం. ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటూనే, ఒక ప్రోగ్రాంకు మాత్రం తాను 1978 నాటి 8086 చిప్‌లా కనిపించే ఏర్పాటు అది. ప్రాసెసర్ 64 బిట్ పద్ధతిలోకి మారాక ఈ ఏర్పాటు పనిచేయదు. అందుకే 64 బిట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఎన్‌టీవీడీఎంను పెట్టలేదు. 32 బిట్ విండోస్ దొరికినంత కాలం ఈ సంగతి చాలామంది దాకా రాలేదు. విండోస్ 11తో ఆ తలుపు మూసుకుపోయింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నల్లగా కనిపించే ప్రతిదీ డాస్ ప్రోగ్రాం కాదు, రంగుల కిటికీతో కనిపించే పాతదంతా ఆగిపోదు. విజువల్ ఫాక్స్‌ప్రోలో రాసిన 32 బిట్ ప్రోగ్రాంలు కొత్త విండోస్‌లో సాధారణంగా నడుస్తాయి. ఫాక్స్‌ప్రో 2.6 డాస్ వెర్షన్‌లో రాసినవి నడవవు. కొత్త కంప్యూటర్ కొనేముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

పది అక్షరాల వేగం

కమాండ్ లైన్ అనేది డాస్‌తో పుట్టింది కాదు. 1950ల్లో కంప్యూటర్‌కు పని చెప్పాలంటే చిల్లులు పొడిచిన కార్డుల కట్ట ఇచ్చి, ఫలితం కోసం గంటల తరబడి ఆగాలి. మనిషి టైప్ చేయగానే యంత్రం బదులివ్వడం అనే పద్ధతిని అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే సిస్టంతో చూపించింది. ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకోవడం అక్కడ మొదలైంది. కమాండ్లను ఒక ఫైలులో రాసిపెట్టి వరసగా నడిపించే ‘రన్‌కామ్’ను అదే సిస్టం మీద లూయీ పుజాన్ రాశాడు. కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాంకు ‘షెల్’ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

1969లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది తెర కాదు, టెలిటైప్. కాగితం మీద టకటకా కొట్టే యంత్రం. అప్పట్లో ఎక్కువగా వాడిన మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలే కొట్టగలదు, మీటలు కూడా గట్టిగా నొక్కాలి. యూనిక్స్ కమాండ్లు ‘ఎల్ఎస్’, ‘సీపీ’, ‘ఎంవీ’ అని రెండక్షరాల్లో ఉండటానికీ, పని సవ్యంగా జరిగితే ఆ కమాండ్లు ఏమీ చెప్పకుండా ఊరుకోవడానికీ ఈ పొదుపు ఒక ముఖ్య కారణం. ఇవాళ లైనక్స్ సర్వర్ ముందు కూర్చున్న కుర్రాళ్లు అవే రెండక్షరాలు కొడుతున్నారు.

కిల్డాల్ వేసిన పునాది

డాస్ వంశవృక్షంలో యూనిక్స్ పినతండ్రి వరస మాత్రమే. అసలు తండ్రి సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టం. అమెరికా నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెప్పిన గ్యారీ కిల్డాల్ 1974లో దీన్ని ఇంటెల్ 8080 చిప్ కోసం రాశాడు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. ఫ్లాపీ డ్రైవ్, కీబోర్డ్, ప్రింటర్ లాంటి హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగాన్ని విడదీసి ‘బయాస్’ అని పేరు పెట్టాడు. కొత్త మెషీన్ తయారుచేసే కంపెనీ ఆ చిన్న భాగాన్ని తిరగరాసుకుంటే చాలు, మిగతా సిస్టం, దాని మీద నడిచే ప్రోగ్రాంలు అలాగే పనిచేస్తాయి. మన కంప్యూటర్ ఆన్ కాగానే నొక్కే బయాస్ సెట్టింగుల పేరు అక్కడిదే.

ఏ, బీ అంటూ డ్రైవ్‌లకు అక్షరాలు, పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క, తర్వాత మూడక్షరాలు అనే లెక్క, ‘డిర్’, ‘రెన్’, ‘టైప్’ అనే కమాండ్లు సీపీ/ఎంలోనే ఉన్నాయి. ఫైలు కాపీకి మాత్రం ‘పిప్’ అనే కమాండ్ వాడేవారు. దాంట్లో ఎక్కడికి అన్నది ముందు, ఎక్కడి నుంచి అన్నది తర్వాత రాయాలి. డాస్ ‘కాపీ’ దీన్ని తిరగేసింది. రెండూ వాడాల్సి వచ్చినవాళ్లు ఎన్ని ఫైళ్లు పోగొట్టుకున్నారో ఊహించుకోవచ్చు.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీ 8086 చిప్‌తో బోర్డు తయారుచేసి, దానికి సీపీ/ఎం కొత్త వెర్షన్ కోసం ఎదురుచూసింది. అది ఆలస్యమైంది. దాంతో ఆ కంపెనీలో పనిచేసే టిమ్ ప్యాటర్సన్ తానే ఒక సిస్టం రాశాడు. సీపీ/ఎం కోసం రాసిన ప్రోగ్రాంలను సులువుగా మార్చుకునేలా లోపలి పిలుపులన్నీ దాని పద్ధతిలోనే ఉంచాడు. మైక్రోసాఫ్ట్ 1981 జులైలో దాని హక్కులు కొంది. అదే డాస్ అయింది. ఆగస్టు 12న దాంతో ఐబీఎం పీసీ విడుదలైంది. అప్పటి ఫ్లాపీలో పట్టేది 160 కేబీ. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటోకు కూడా అది చాలకపోవచ్చు.

‘కాన్’ ఫోల్డర్ గాలివార్త

‘కాన్ అనే పేరుతో ఫోల్డర్ ఎవరూ చేయలేరు, ఈ సంగతి ఒక భారతీయుడు కనిపెట్టాడు, బిల్ గేట్స్‌కే జవాబు తెలియదు’ అన్న మెసేజ్ ఈమెయిల్ రోజుల నుంచి తిరుగుతోంది. ఇందులో మొదటి ముక్క సగం నిజం, మిగతాది కట్టుకథ. ప్రయత్నించి చూస్తే విండోస్ ఇచ్చే బదులులోనే జవాబుంది. ‘మీరిచ్చిన డివైస్ పేరు చెల్లదు’ అంటుంది. ఫోల్డర్ పేరు అనదు, డివైస్ పేరు అంటుంది.

కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డు, తెర కలిసిన జోడీ. డాస్‌లో ప్రింటర్‌కు పీఆర్ఎన్, సీరియల్ పోర్టుకు ఆక్స్, పారబోసే గుంటకు నల్ అనే పేర్లుండేవి. ఫైలు పేరు రాయాల్సిన చోట వీటిలో ఒకటి రాస్తే సమాచారం ఫైలుకు బదులు ఆ పరికరానికి వెళుతుంది. ఫైలును పీఆర్ఎన్‌కు కాపీ చేస్తే ప్రింట్ అవుతుంది. కాన్ నుంచి ఫైలుకు కాపీ చేస్తే, కీబోర్డు మీద కొట్టిందల్లా ఆ ఫైలులో చేరుతుంది. 1990ల్లో డీసీఏ, పీజీడీసీఏ చదివినవాళ్లు రికార్డు పుస్తకం మొదటి పేజీల్లో రాసుకున్న ‘కాపీ కాన్’ ఇదే. రహస్యం అని చెప్పుకునే దాన్ని అప్పటి విద్యార్థులు రోజూ వాడారు.

సరే, ఒక పేరును పరికరానికి కేటాయించారు. మరి ప్రతి ఫోల్డర్‌లోనూ ఎందుకు నిషేధం? డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు. ఫ్లాపీలోని ఫైళ్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. 1983 మార్చిలో వచ్చిన 2.0 వెర్షన్ హార్డ్ డిస్క్ కోసం ఫోల్డర్లు తెచ్చింది. అప్పటికే అమ్ముడైన ప్రోగ్రాంలకు ఫోల్డర్ అంటే ఏమిటో తెలియదు, అవి ‘పీఆర్ఎన్’ అని మాత్రమే రాస్తాయి. అవి ఏ ఫోల్డర్‌లో నిలబడి అడిగినా ప్రింటర్ దొరకాలంటే ఆ పేరు అన్ని ఫోల్డర్లలోనూ ఉన్నట్టే లెక్క. కొన్ని ప్రోగ్రాంలు ఫైలు పేరు చివర ‘టీఎక్స్‌టీ’ లాంటి మూడక్షరాలు తామే తగిలిస్తాయి. కాబట్టి ఆ తోకను కూడా పట్టించుకోకూడదని పెట్టారు. యూనిక్స్‌కు ఈ బాధ లేదు. పరికరాలన్నిటినీ ‘డెవ్’ అనే ఒక్క ఫోల్డర్‌లో పెట్టింది.

పైగా ‘ఎవరూ చేయలేరు’ అన్నదీ నిజం కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఫోల్డర్ చిరునామా (పాత్) ముందు \\?\ అనే గుర్తులు పెట్టి రాస్తే విండోస్ ఈ పాత తనిఖీని పక్కన పెడుతుంది, కాన్ ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని తీసేయడానికి కూడా మళ్లీ అదే దారి పట్టాలి, కాబట్టి సరదాకు చేయకపోవడం మేలు.

రివర్స్ గీత, ఆగే పైపు, పోయిన మొదటి అక్షరం

యూనిక్స్ ఫోల్డర్లకు / గీత వాడితే విండోస్ \ గీత ఎందుకు వాడుతుంది? డాస్ మొదటి వెర్షన్ కమాండ్లు ఆప్షన్ల కోసం అప్పటికే / వాడేశాయి. అడ్డంగా జాబితా కావాలంటే ‘డిర్’ తర్వాత ఆ గీత, డబ్ల్యూ అక్షరం. ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు.

అదే 2.0 వెర్షన్ యూనిక్స్ నుంచి పైపును కూడా తెచ్చుకుంది. ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా ఇంకో కమాండ్‌కు అందించే | గుర్తు ఇది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టడంతో 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. గుర్తు ఒకటే, పని తీరు వేరు. యూనిక్స్‌లో రెండు ప్రోగ్రాంలూ ఒకేసారి నడుస్తాయి, మొదటిది ఇస్తుంటే రెండోది తీసుకుంటుంది. డాస్ ఒకసారి ఒక ప్రోగ్రామే నడపగలదు. అందుకే మొదటిది పూర్తిగా నడిచి తన ఫలితాన్ని డిస్క్ మీద ఒక తాత్కాలిక ఫైలులో రాసేది, తర్వాత రెండోది దాన్ని చదివేది. ఆ ఫైలు రాయాల్సిన ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ స్టిక్కర్ అంటించి ఉంటే పైపు పనిచేయకపోవడానికి ఇదే కారణం.

ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ కమాండ్ల తేడాను ఇన్‌స్టిట్యూట్లలో బట్టీ పట్టించేవారు. ‘డిర్’, ‘కాపీ’, ‘డెల్’ లాంటివి కమాండ్.కామ్ అనే ఫైలులోనే ఉంటాయి. ‘ఫార్మాట్’, ‘చెక్‌డిస్క్’, ‘డిస్క్‌కాపీ’ విడి ఫైళ్లు. మెమరీ తక్కువ కాబట్టి కమాండ్.కామ్ కూడా పూర్తిగా మెమరీలో కూర్చోదు. ఒక భాగం స్థిరంగా ఉంటుంది, రెండో భాగాన్ని పెద్ద ప్రోగ్రాంలు తుడిచేసి ఆ జాగా వాడుకోవచ్చు. ప్రోగ్రాం ముగిశాక ఆ భాగాన్ని ఫ్లాపీ నుంచి మళ్లీ చదవాలి. వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రాం మూయగానే కమాండ్.కామ్ ఉన్న డిస్క్ పెట్టమని మెషీన్ అడగడం అందుకే.

ఫైలు తుడిచేయడం మీదా ఒక అపోహ ఉంది. ‘డెల్’ కొడితే ఫైలులోని సమాచారం చెరిగిపోదు. జాబితాలో పేరు మొదటి అక్షరం స్థానంలో ఈ5 అనే గుర్తు రాసి, ఫైలు ఆక్రమించిన జాగా ఖాళీ అని నమోదు చేస్తుంది. ఈ5 కూడా సీపీ/ఎం నుంచి వచ్చిందే. అప్పటి కొత్త ఫ్లాపీలను ఆ గుర్తుతోనే నింపి అమ్మేవారు. డాస్ 5తో 1991లో వచ్చిన ‘అన్‌డిలీట్’ కమాండ్ ఫైలును తిరిగి తెచ్చేముందు మొదటి అక్షరం ఏమిటని అడిగేది. మిగతావన్నీ ఉన్నాయి, పోయింది అదొక్కటే.

డాస్ తెర మీద తెలుగు

డాస్ తెర 25 వరసలు, వరసకు 80 అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్క బైటు, అంటే మొత్తం 256 గుర్తులు. మొదటి సగం ఇంగ్లిషుకు, రెండో సగం గీతలకు, యూరప్ అక్షరాలకు పోయింది. ఇందులో తెలుగు ఎక్కడ పడుతుంది? ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చేతుల్లో మార్కెట్‌కు వచ్చిన జిస్ట్ కార్డు దీనికి ఒక దారి చూపింది. కంప్యూటర్‌లో తగిలించే ఈ కార్డు డాస్‌ను గానీ ప్రోగ్రాంను గానీ మార్చదు. పై 128 గుర్తులను భారతీయ లిపుల కోడ్‌ల ప్రమాణమైన ఇస్కీ ప్రకారం భారతీయ అక్షరాలుగా తీసుకుని, గుణింతాలు, వత్తులు కలిపి తెర మీద గీస్తుంది. మన లిపులన్నిటికీ వర్ణమాల క్రమం దాదాపు ఒకటే కాబట్టి అన్నిటికీ ఒకే కోడ్లు. లిపి మారిస్తే అదే ఫైలు దేవనాగరిలో కనిపిస్తుంది. డీబేస్ లాంటి డేటాబేస్ ప్రోగ్రాంలో తెలుగు పేర్లు నమోదు చేయడం దీంతో సాధ్యమైంది. ఆ ప్రోగ్రాంకు తాను తెలుగు దాచుకుంటున్నానన్న సంగతే తెలియదు. ఇస్కీ 1991లో భారత ప్రమాణంగా ఖరారైంది.

నీలి తెర విద్యార్థులు

దుకాణాల తర్వాత ఈ కథ తగిలేది కాలేజీలకు. డిగ్రీ, ఇంజినీరింగ్ ల్యాబుల్లో సీ భాషలో ప్రోగ్రాంలు రాసే టర్బో సీ నీలి తెర ఇంకా పూర్తిగా పోలేదు. అది 1990ల తొలినాళ్ల డాస్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్‌తో కలిపి మూటకట్టిన వెర్షన్లు వాడుతున్నారు. నెల్లూరు, కావలి, ఒంగోలులో ఎక్కడ చదివినా, బయటికొచ్చి జీసీసీ లాంటి కంపైలర్ (రాసిన ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాధనం) వాడిన రోజున తేడాలు తగులుతాయి. టర్బో సీలో పూర్ణాంకాలు దాచే ‘ఇంట్’ రెండు బైట్లు, 32767 దాటితే లెక్క మైనస్‌లోకి పోతుంది. జీసీసీలో సాధారణంగా నాలుగు బైట్లు, 214 కోట్ల పైచిలుకు దాకా పడుతుంది. ప్రతి ప్రోగ్రాం మొదట్లో అలవాటుగా రాసే ‘కోనియో’ ఫైలు సీ భాషా ప్రమాణంలో లేనే లేదు. కాన్, ఐఓ కలిపిన పేరది. పైన చెప్పుకున్న కన్సోలే మళ్లీ ఇక్కడ తేలింది. కమాండ్ లైన్ నేర్పడం మంచిదే. 30 ఏళ్ల నాటి కంపైలర్‌తో నేర్పడానికి మాత్రం బలమైన కారణం కనిపించదు, మంచివి ఉచితంగా దొరుకుతున్నాయి.

ఆన్‌లైన్‌లో ‘డాస్ ల్యాప్‌టాప్’ అని తక్కువ ధరకు అమ్మేవాటి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఫ్రీడాస్ అనే ఉచిత సిస్టంను పేరుకు పెట్టి, విండోస్ లైసెన్సు ఖర్చు తగ్గిస్తారు. పాత బిల్లింగ్ ప్రోగ్రాం నడుస్తుందని వాటిని కొంటే చాలాసార్లు ఆశాభంగమే. డాస్ బూట్ కావాలంటే పాత పద్ధతి బయాస్ ఉండాలి. బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న కొత్త మెషీన్ల మీద అది నేరుగా నడవదు.

దుకాణాల ముందున్న దారులు

పాత మెషీన్‌ను ఇంటర్నెట్ తీసేసి బిల్లింగ్‌కే ఉంచుకోవడం అన్నిటికన్నా సులువు. హార్డ్ డిస్క్ పోయేదాకా బాగానే ఉంటుంది. బ్యాకప్ లేకపోతే ఆ రోజున డేటా కూడా పోతుంది. రెండోది, కొత్త విండోస్ లోపల వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి అందులో 32 బిట్ విండోస్‌నో ఫ్రీడాస్‌నో నడపడం. మూడోది పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్. డాస్‌బాక్స్‌ను ఆటల కోసం తయారుచేశారు, ప్రింటింగ్ మీద దృష్టి పెట్టలేదు. వీడాస్ అనేది ఆఫీసు ప్రోగ్రాంల కోసం చేసింది, ప్రింటర్‌తో సర్దుకుంటుంది. అసలు ప్రోగ్రాం నడవడం కన్నా బిల్లు బయటికి రావడమే తరచూ పెద్ద తలనొప్పి. పాత ప్రోగ్రాం ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటర్ పోర్టుకు రాస్తుంది, కొత్త డాట్ మాట్రిక్స్ ప్రింటర్ యూఎస్‌బీకి తగిలి ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లో 32 బిట్ విండోస్ ఉంటే ప్రింటర్‌ను షేర్ చేసి, ‘నెట్ యూజ్’ కమాండ్‌తో ఎల్‌పీటీ1ను దానికి మళ్లించవచ్చు.

ఇవన్నీ కాలం కొనుక్కోవడమే. డేటాను బయటికి తీయడం వేరే పని, అది అనుకున్నంత కష్టం కాదు. డీబేస్, ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ మూడూ వాడే డీబీఎఫ్ ఫైలులో అంకెలు, తేదీలు కూడా మామూలు అక్షరాలుగానే ఉంటాయి. లిబ్రె ఆఫీస్ దాన్ని నేరుగా తెరుస్తుంది. పక్కన డీబీటీ, ఎఫ్‌పీటీ అనే ఫైళ్లుంటే వాటినీ కలిపి కాపీ చేయాలి, పొడవైన వివరాలు వాటిలోనే ఉంటాయి. ఇండెక్స్ ఫైళ్లు లేకున్నా నష్టం లేదు. జిస్ట్‌తో తెలుగులో నమోదు చేసిన పేర్లు మాత్రం పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల అమరిక ఇస్కీనే అనుసరించింది కాబట్టి వాటిని మార్చడం ఎక్కువభాగం ఒక కోడ్ బదులు ఇంకో కోడ్ పెట్టడమే. అను లాంటి డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగుకు ఈ సులువు లేదు. అక్కడ దాచింది అక్షరాన్ని కాదు, దాని ముక్కల ఆకారాన్ని. దానికి వేరే కన్వర్టర్ కావాలి, మార్చాక పేర్లను ఒకసారి మనిషి చదివి సరిచూడాలి.